చిలుకమ్మ సంచిలో పుట్టువెంట్రుకలు

చిలుకమ్మ తమలపాకు నమిలితే తన నోరు ఎర్రబడేది, మాట్లాడితే ఎదుటివాళ్ల మొహం ఎర్రబడేది. నర్మెట్టలో పుట్టి, పదహారేళ్లకు బచ్చన్నపేటకు కోడలుగా వచ్చింది. మొగుడు కాటమయ్య తాడెక్కి కల్లు దించితే, ఆమె కల్లు అమ్మే మండువాలో కూర్చుని పోసేది. తాగి తూలే మగవాళ్ల మధ్య ఒక్క ఆడది నెగ్గుకు రావాలంటే చేతిలో కర్రైనా ఉండాలి, నోట్లో మాటైనా ఉండాలి. కర్రను ఎక్కడైనా మరిచిపోవచ్చు, నోటిని మరిచిపోలేం కదా అని ఆమె మాటనే నమ్ముకుంది. ఒకసారి ఒక పెద్దమనిషి కల్లు సీసాను ధోవతిలో దోపుకుని మెల్లగా జారుకుంటుంటే, "ఓ పటేలా, కడుపు ముందటికొచ్చిందేంది? ఎన్నో నెల?" అని కేకేసింది. ఆ పటేలు మళ్లీ ఆ మండువా ఛాయలకు రాలేదు.

చదువు రెండో తరగతితో ఆగింది. బస్సు మీద ఊరి పేరు కూడబలుక్కుని చదవగలదు. సంతకం చేయగలదు. వేలిముద్ర వేయమన్నవాళ్లను కడిగి ఆరేయగలదు. ఆమె సంపాదించుకున్న ఆస్తి ఒకే ఒక మాట. దాన్ని పదిమందిలో పదిసార్లు చెప్పుకునేది.

"నా నోరు చేదే గని కల్తీ లేదు. నా కల్లుల నీళ్లు లేవు, నా నోట్ల అబద్ధం లేదు."

ఎవరూ కాదనలేదు. కాదనడానికి ఎవరికీ ధైర్యం లేక కాదు, అది నిజం కాబట్టి. అరవై ఎనిమిదేళ్లు నిజంగానే ఉంది. మనుమరాలి మూడో పుట్టినరోజు నాడు లేకుండా పోయింది.

కాటమయ్య పోయాక కొడుకు నగేశ్ ఆమెను జనగామకు తెచ్చుకున్నాడు. కింద దుకాణం, పైన ఇల్లు. నగేశ్ మోటర్ వైండింగ్ చేస్తాడు. చుట్టుపక్కల ఊళ్ల రైతులు కాలిపోయిన బోరు మోటర్లను ఆటోల్లో వేసుకొస్తారు. అతను మాడిన రాగితీగ పీకి, కొత్తది చుట్టి, పైన వార్నిష్ పోసి ఆరబెడతాడు. ఆరిన వార్నిష్ అంటే రాయే. కోడలు రజిత అంగన్‌వాడి టీచరు. ఊరి పిల్లలకు పాటలు నేర్పడానికి పోతూ, తన పిల్లను అత్త ఒళ్లో పెట్టిపోయేది.

"అత్తమ్మా, కిందికి మాత్రం పోనియ్యకు. దుకాణం నిండ తీగలు, మందులే."

"నాకే చెప్తున్నవా? ఇద్దరు పిల్లలను కల్లు కుండల నడుమ పెంచిన. ఒక్కళ్లన్న కుండల పడ్డరా?"

ఆ పిల్ల పేరు శ్రావ్య. పుట్టినప్పటి నుంచి దాని తల మీద కత్తెర పడలేదు. పుట్టువెంట్రుకలు మేడారం సమ్మక్క సారలమ్మలకు మొక్కు. జాతర వచ్చేది రెండేళ్లకొకసారి. కిందటి జాతరకు ముందే కాటమయ్య పోవడంతో ఇంటికి ఏడాది మైల పట్టింది, మొక్కు తీర్చే వీలు లేకపోయింది. అలా పిల్ల జుట్టు వీపు దాకా పెరిగింది. వచ్చే మాఘంలో తల్లుల గద్దెల దగ్గర మేనమామ మొదటి కత్తెర వేయాలి. ఆ తరువాతే మంగలి చెయ్యి పడాలి. మేనమామ ఉండగా ఇంకొకరు ఒక్క పాయ కత్తిరించినా అటు తల్లులకు అపచారం, ఇటు మేనమామకు అవమానం. ఈ మాట ఆ ఇంట్లో అందరికంటే ఎక్కువసార్లు చెప్పింది చిలుకమ్మే. వీధిలో ఎవరైనా, "పిల్లకు ఉక్కపోస్తది, జర ముందటి వెంట్రుకలన్న కత్తిరియ్యరాదు" అంటే, "నీ మొగని మీసం కత్తిరియ్యి, గాలాడుతది" అని పంపించేది.

పత్తి ఏరే రోజులవి. పుట్టినరోజు ఇంకా రెండు రోజులు ఉంది. రజిత సెంటరుకు పోయింది. నగేశ్ ఒక రైతు పొలంలో మోటరు దించడానికి పోతూ షట్టరు సగం వేసిపోయాడు. చిలుకమ్మ పిల్లను పక్కన కూర్చోబెట్టుకుని, మెట్ల మీది నుంచే ఎదురింటి రుక్కితో తగవు పెట్టుకుంది. ఎవరి నల్లా నీళ్లు ఎవరి వాకిట్లో పారాయన్నది తగవు. చాలా రోజులకు దొరికిన తగవు కావడంతో చిలుకమ్మ మంచి ఊపు మీదుంది.

"నీ వాకిలి తడిసినందుకు ఏడుస్తున్నవా రుక్కీ? నీ వాకిలి నువ్వెట్లాగు ఊడ్వవు. నా నీళ్లన్న కడిగినయని సంబురపడు."

రుక్కి తలుపు ధడాలున వేసుకుని లోపలికి పోయింది. గెలిచిన సంతోషంతో చిలుకమ్మ పక్కకు తిరిగి చూస్తే పిల్ల లేదు.

షట్టరు కింద నుంచి దూరింది శ్రావ్య. వార్నిష్ గిన్నె ముందు గొంతుక్కూర్చుని, కుంచె ముంచి ఒక పాత మోటరుకు పూస్తోంది. తండ్రి పని మధ్యలో పెన్సిల్ చెవి మీద పెట్టుకుంటాడు. అది చూసి ఇది కూడా తడి కుంచెను ఎడమ చెవి మీద పెట్టుకుంది.

"నానమ్మా, నేను మోటర్ చేసిన" అంది మొహం వెలిగిపోతుండగా.

చిలుకమ్మ వంగి కుంచె లాగేసింది. చెవి వెనక వేలెడు లావు పాయ వార్నిష్‌లో మునిగి ఉంది. కొబ్బరినూనె రుద్దింది. సబ్బు రుద్దింది. వేడినీళ్లు పోసింది. పిల్ల ఏడుపు ఎక్కువైంది గాని వార్నిష్ తగ్గలేదు. చూస్తుండగానే ఆ పాయ పుల్లలా బిగుసుకుని చెవిని గీరసాగింది. రజిత వచ్చే వేళయింది. వచ్చి చూస్తే ఏమంటుంది? ఏమీ అనదు. రజిత మాట అనే మనిషి కాదు. ఒక్కసారి చూస్తుంది, అంతే. చెప్పాను కదా అత్తమ్మా అన్న ఆ ఒక్క చూపు తన మీద పడకూడదు.

చిలుకమ్మ నడుముకు చెక్కుకున్న సంచి విప్పింది. ఆకులు, వక్కలు, సున్నం డబ్బీ, వాటితో పాటు వక్కలు కత్తిరించే అడకత్తెర. చేతికందింది అదే. "తల్లీ సమ్మక్కా, తప్పు నాది, పిల్లది గాదు" అని కళ్లు మూసుకుని దండం పెట్టి, పాయను అడకత్తెర నోట్లో పెట్టి కటుక్కుమని నొక్కింది.

దేవత ముందు ఒప్పుకోవడానికి ఆమెకు అరనిమిషం పట్టలేదు. మనుషుల ముందే కష్టమైంది.

తెగిన పాయను పారేయడానికి చేతులు రాలేదు. పుట్టువెంట్రుకలు నలుగురు తొక్కే చోట పడకూడదు. కాగితంలో చుట్టి సంచిలో, వక్కల అడుగున దాచింది. మిగిలిన జుట్టుకు నూనె పెట్టి, తెగిన చోట నిలిచిన కొయ్యలు కనబడకుండా బిగించి జడ వేసింది. సాయంత్రం రజిత వచ్చి, "ఏందత్తమ్మా, ఇయ్యాల్నే సోకు చేసినవ్?" అంటే, "పుట్టినరోజు పిల్ల కదా" అంది. అందులో అబద్ధమేమీ లేదు. నిజమైన మాటతో కూడా మనిషిని మోసం చేయొచ్చని చిలుకమ్మకు ఆ రోజే తెలిసింది.

పుట్టినరోజు ఆదివారం. డాబా మీద షామియానా వేశారు, గుంజలకు ఊదిన రంగు బుగ్గలు కట్టారు. భూపాలపల్లి నుంచి చిలుకమ్మ పెద్దబిడ్డ లీల, బొగ్గుబాయిలో పనిచేసే మొగుణ్ని వెంటబెట్టుకుని వచ్చింది. మహబూబాబాద్ నుంచి చుట్టాలు ఒక బండి నిండా దిగారు. కొడకండ్ల నుంచి రజిత అన్న యుగేందర్ వచ్చాడు. మేనమామ కదా, పిల్లకు కొత్త గౌను, వెండి పట్టగొలుసులు, చక్కెర పోసిన ఎండుకొబ్బరి కుడుకలు తెచ్చాడు. రజిత చెల్లెలు శ్వేత ముందురోజు సాయంత్రమే వచ్చి అక్కకు పనిలో సాయం చేస్తోంది.

శ్వేతకు ఇరవై నాలుగేళ్లు. కొడకండ్లలో ఇంటి ముందటి గదిలోనే బ్యూటీ పార్లర్ పెట్టుకుని పెళ్లికూతుళ్లను తయారు చేస్తుంది. చిలుకమ్మకు ఆ పని మొదటి నుంచీ నచ్చలేదు.

"మా కాలంల పసుపు పూస్తే పెండ్లిపిల్ల అయితుండె. ఇప్పుడు గోడకేసినట్టు సున్నమేస్తే గని అయితలేదు" అనేది.

"నువ్వు గూడ రా అత్తమ్మా, ఒక కోటింగ్ వేస్త. పదేండ్లు తగ్గుతవ్" అని శ్వేత నవ్వేది.

ఆ పొద్దున శ్వేత దువ్వెన పట్టుకుని శ్రావ్యను ముందు కూర్చోబెట్టుకుంది.

"నువ్విడిసిపెట్టు, నేనేస్త" అని చిలుకమ్మ గబగబా వచ్చింది.

"ఊకో అత్తమ్మా, చెల్లె ఉండంగ నీకెందుకు తిప్పలు" అంది రజిత.

జడ విప్పడమైంది. ఎడమ చెవి వెనక దువ్వెన ఆగింది. శ్వేత బొటనవేలితో ఆ కొయ్యలను ఒకసారి తడిమింది. తల ఎత్తి చిలుకమ్మ వైపు చూసింది. ఆమె నడుము దగ్గరి సంచి వైపు చూసింది. తరువాత పెద్ద ఎర్ర పువ్వున్న క్లిప్పు తీసి దాని మీద పెట్టేసింది. చూడలేదులే అనుకుంది చిలుకమ్మ. చూసిందని తెలిసే అలా అనుకుంది.

పన్నెండు గంటలకు కేకు కోయించారు. యుగేందర్ మేనకోడలిని ఎత్తుకున్నాడు. అందరూ చప్పట్లు కొట్టారు, బుగ్గలు పగలగొట్టారు. చప్పుడుకు పిల్ల ఉలిక్కిపడి మామ మెడ పట్టుకుని ఎగిరింది. అతని చొక్కా గుండీకి చిక్కుకుని క్లిప్పు ఊడి కేకు పక్కన పడింది. హారతి పళ్లెం పట్టుకుని దగ్గరకు వచ్చిన లీల కళ్లు నేరుగా అక్కడికే పోయాయి.

"అగో! గిదేంది? పుట్టెంట్రుకలు ఎవరు కత్తిరిచ్చిండ్రు?"

పాటలు పెట్టినవాడు పాట ఆపేశాడు. ఆడవాళ్లంతా మూగారు. ఒకరి తరువాత ఒకరు పిల్ల చెవి వంచి చూశారు. పిల్ల బిక్కమొహం వేసింది.

"పొద్దుగాల తల దువ్విందెవరు?" అంది లీల.

రజిత చెల్లెలి వైపు తిరిగింది. "శ్వేత..." అని ఆగింది.

అన్ని తలలూ అటు తిరిగాయి. శ్వేత మిర్చిబజ్జీల పళ్లెం పట్టుకుని నిలబడి ఉంది. ఆ పిల్ల ఎవరినీ చూడలేదు, చిలుకమ్మనే చూసింది. ఆ చూపులో కోపం లేదు. నువ్వు చెప్తావు కదా, చెప్పు అన్నట్టు ఊరికే ఎదురుచూసింది.

చిలుకమ్మ నోరు తెరిచింది. నిజం చెప్పడానికే తెరిచిందేమో, ఆమెకూ తెలియదు. చుట్టూ యాభై మంది. వియ్యపువాళ్లు, అల్లుడు, మేనమామ. నలభై ఏళ్ల అలవాటు కొద్దీ నాలుక తన దారి తాను చూసుకుంది.

"పార్లరోళ్ల చేతులు ఊకుంటయా? కత్తెర కనవడితే దురద వెడతది."

నలుగురు నవ్వారు. చిలుకమ్మ అందంటే ఇక తీర్పు అయిపోయినట్టే.

యుగేందర్ మొహం నల్లబడింది. "మేనమామను నేను బతికుండంగనే నీకేం తొందరొచ్చిందే? మేడారంల తల్లుల ముంగట ఏం మొహం వెట్టుకొని నిలవడాలె?"

"అన్నా, నేను గాదు" అంది శ్వేత. ఒక్కసారే అంది.

"నువ్వు గాకుంటే కోతులు కత్తిరిచ్చినయా?" అంది లీల. "పదిదినాలల్ల మా ఆడబిడ్డ పెండ్లి. నీతోనే తయారు చేయిద్దామనుకున్నం. ఇగ వద్దు తల్లీ. పుట్టెంట్రుకల మీద వడ్డ చెయ్యి పెండ్లిపిల్ల మీద వడద్దు."

"నాకొక్క మాట చెప్తే అయిపోవు కదనే" అని రజిత కన్నీళ్లు పెట్టుకుంది.

శ్వేత పళ్లెం బల్ల మీద పెట్టింది. పిల్ల బుగ్గ నిమిరింది. సంచి తీసుకుని మెట్లు దిగి పోయింది. వంటలన్నీ అయి, విస్తళ్లు పరిచిన వేళ ఆడపిల్ల అన్నం తినకుండా ఆ ఇంటి గడప దాటింది. ఆపాల్సిన పెద్దమనిషి చిలుకమ్మే. ఆమె షామియానా గుంజ పట్టుకుని నిలబడింది.

భోజనాల్లో ముద్ద కలిపింది గాని నోటి దాకా రాలేదు. లీల చూసి, "అవ్వా, ఎవ్వరో చేసినదానికి నువ్వెందుకు పరేషాన్ అయితున్నవ్, తిను" అంది. ఆ 'ఎవ్వరో' అన్న మాటకు చిలుకమ్మ విస్తరి మడిచి లేచింది.

సాయంత్రానికి చుట్టాలంతా పోయారు, ముచ్చట మాత్రం పోలేదు. పుట్టినరోజు కోసమని నగేశ్ అందరినీ చేర్చి వాట్సాప్‌లో ఒక గ్రూపు పెట్టాడు. చిలుకమ్మ ఫోన్‌లోనూ అది ఉంది. అక్షరాలు కూడబలుక్కునే ఓపిక లేకపోయినా వాయిస్ మెసేజీలు వినడం ఆమెకు వచ్చు. మొదట ఫొటోలు వచ్చాయి. తరువాత మహబూబాబాద్ చుట్టమొకామె గొంతు వచ్చింది. "గా పిల్ల దగ్గరికి మా బిడ్డను గూడ పంపియ్యం. అరిష్టం." దాని వెనకే ఇంకో గొంతు, నవ్వుతూ. "చిలుకమ్మత్త మాత్రం మంచిగన్నది, కత్తెర కనవడితే దురద వెడతదని! ఎంతన్న ఆమె మాట ఆమెదే."

తన మాటను ఇంకొకరు చెప్పుకుని నవ్వుతుంటే వినడం చిలుకమ్మకు బతుకంతా ఇష్టం. ఆ సాయంత్రం మాత్రం ఫోన్‌ను దిండు కింద పెట్టి, దిండు మీద చెయ్యి వేసి నొక్కింది. చెబితే పోయేది ముసలిదాని గొప్ప. చెప్పకపోతే పోయేది వయసు పిల్ల కూడు, పేరు. అర్థం కావడానికి ఆ లెక్కకు పెద్ద చదువేమీ అక్కర్లేదు. అర్థమైనా రజిత గది దాకా రెండుసార్లు పోయి, రెండుసార్లూ నీళ్లు తాగి వచ్చింది.

తెల్లారి గారెలు, గరిజెలు టిఫిన్ డబ్బాలో సర్దుకుంది.

"ఎటు అత్తమ్మా?" అంది రజిత.

"కొడకండ్లకు. పిల్ల నిన్న అన్నం తినకుంట పోయె కదా."

రజిత కళ్లు మళ్లీ నిండాయి. "అది గంత పని చేసినా నీకు దాని మీద ఎంత ప్రేమ, ఎంత పావురమత్తమ్మా" అంది.

చెంపదెబ్బ అయినా అంత తగిలి ఉండేది కాదు. చిలుకమ్మ చెప్పులు తొడుక్కుని, వెనక్కి చూడకుండా మెట్లు దిగింది.

బస్సులో కండక్టరమ్మ ఆడవాళ్ల ఉచిత టికెట్టు కోసం ఆధార్ కార్డు అడిగి తీసుకుంది. ఫొటోను, మనిషిని మార్చి మార్చి చూసి, "ఇది నువ్వేనా అవ్వా?" అంది. ఇంకో రోజైతే ఆ ప్రశ్నకు చిలుకమ్మ దగ్గర పాలకుర్తి దాకా సరిపోయే జవాబు ఉండేది. ఆ రోజు "నేనే" అని కిటికీ వైపు తిరిగింది.

శ్వేత పార్లర్‌లో ఒక్కతే కూర్చుని తువాళ్లు మడత పెడుతోంది. లేచి, "రా అత్తమ్మా, కూసో" అని తిరిగే కుర్చీ చూపించింది. చిలుకమ్మ కూర్చుంది. ఎదురుగా అద్దం. మొహం తిప్పుకుందామంటే పక్కనా అద్దమే. ఎటు చూసినా తన మొహమే కనబడుతుంటే, తల వంచుకుని సంచి విప్పి, వక్కల అడుగు నుంచి కాగితం పొట్లం తీసి ఒళ్లో పెట్టుకుంది.

"నేనే కత్తిరిచ్చిన, బిడ్డా."

"నాకెరుకే" అంది శ్వేత.

"ఎప్పటిసంది?"

"నిన్న పొద్దుగాల్నే. కత్తెరతోని కత్తిరిస్తే కొసలు సాఫుగ ఉంటయ్. అవి నలిగి చితికినయ్, వక్కను కొరికినట్టు. పైగ బావ దుకాణం వాసన. గంత గూడ తెల్వకనే పార్లర్ వెట్టుకున్ననా?"

"మరి పదిమందిల ఎందుకనలే?"

"నేనంటే నువ్వు కాదంటుంటివి. నీ మాటల కల్తీ లేదని అందరికెరుక. నా మాట ఎవరు నమ్ముతరు? నమ్మినా గని, రేపు మా అక్క నీతోనే కదా బతకాలె." శ్వేత మడత పెట్టిన తువాలునే మళ్లీ మడత పెట్టింది. "గని నేను ఒక్కటనుకున్న అత్తమ్మా. నువ్వే చెప్తవనుకున్న."

తిట్టి ఉంటే చిలుకమ్మకు తిరిగి ఏదో ఒకటి తోచేది. ఆమె డబ్బా మూత తీసి ముందుకు జరిపింది. "తిను బిడ్డా. నిన్నటిసంది నాకు గూడ ముద్ద దిగలే."

శ్వేత డబ్బాను మెల్లగా పక్కకు పెట్టింది. "అన్నది పదిమందిల. ఇప్పుడు చాటుకొచ్చి గారె వెడితే అయితదా?"

కాదు. అది చిలుకమ్మకు జనగామలో బస్సెక్కేటప్పుడే తెలుసు. చాటుగా అయిపోతే బాగుండునని ఆశపడింది, అంతే. ఫోన్ తీసి ఇచ్చింది. "గా గ్రూపుల మాట్లాడేదెట్లనో చూపియ్యి."

"గీ మైకు బొమ్మ మీద వేలు వెట్టి ఒత్తిపట్టు. ఇడిస్తే పోతది."

చిలుకమ్మ వేలు పెట్టింది. "అందరికి చెప్పేదేందంటే... పిల్ల అల్లరిది. వార్నిష్‌ల కుంచె వెట్టింది. గా రుక్కి నాతోని కొట్లాటకొచ్చెనాయె, నేను అటు చూసేటాల్లకు..." అని ఆగింది. తన గొంతు తనకే పరాయిగా వినబడింది. "ఇది పోకముందే తీసెయ్యి. కల్లుల నీళ్లు కలిపినట్టున్నది" అంది.

శ్వేత తీసేసింది. చిలుకమ్మ మళ్లీ వేలు పెట్టింది. ఈసారి అద్దంలోకి చూస్తూ మాట్లాడింది.

"నేను చిలుకమ్మను. శ్రావ్య పుట్టెంట్రుకలు కత్తిరిచ్చింది నేను, అడకత్తెరతోని. పిల్ల నా కాపలాల ఉండంగ వార్నిష్ పూసుకున్నది. నేను కొట్లాటల వడి చూడలే. నా కోడలు ఏమనుకుంటదో అని కత్తిరిచ్చి దాచిన. శ్వేత ముట్టలే. ఎరికుండి గూడ నా ఇజ్జత్ కాపాడింది. నేను దాని ఇజ్జత్ తీసిన. లీలా, పెండ్లికి ఎవరి చెయ్యి వద్దనుకుంటవో ఇప్పుడు చూసుకో. యుగేందర్, బిడ్డా, నీ చేతుల కత్తెర నేను గుంజుకున్న. నీకు చేతులు జోడిస్తున్న."

వేలు ఎత్తింది. పోయింది.

చూసినవాళ్ల పేర్లు ఒక్కొక్కటీ పెరుగుతున్నాయని శ్వేత చెప్పింది. ఎవరూ ఏమీ అనలేదు. చిలుకమ్మ మాటకు జనం నోరు మూసుకోవడం కొత్త కాదు. ఇన్నాళ్లూ భయంతో మూసుకున్నారు. ఈసారి ఎందుకో ఆమెకు తెలుసు. కుర్చీ మెత్తగానే ఉంది, ముళ్ల మీద కూర్చున్నట్టుంది.

ఫోన్ మోగింది. లీల.

"ఎత్తు అత్తమ్మా."

"నువ్వెత్తు. అది మాట్లాడవలసింది నీతోని."

శ్వేత విన్నది. చాలాసేపు విన్నది. "ఆఁ వదినె... ఆఁ... చూస్త తియ్యి" అని పెట్టేసింది. వస్తాననలేదు, చూస్తానంది. ఆ మాత్రం బెట్టు చేసే హక్కు పిల్లకు ఉందని చిలుకమ్మ మనసులో ఒప్పుకుంది. శ్వేత డబ్బాలోంచి ఒక గారె తీసి సగం విరిచి తిన్నది.

"గట్టివడ్డయ్."

"నిన్నటియి కదా."

మిగతా సగం కూడా తిన్నది. తరువాత కాగితం పొట్లం విప్పి, ఆ పాయను కొత్త గుడ్డలో చుట్టి ముడి వేసి ఇచ్చింది. "జాతరకు పట్టుకపో. అన్న కత్తిరిచ్చినంక అండ్లనే కలుపు. ఇగ వక్కల కింద మాత్రం దాచకు."

తిరుగు బస్సులో ముందు సీటు ఆడమనిషి ఎవరిదో వాయిస్ మెసేజీ పెద్దగా పెట్టుకుని వింటోంది. అది ఎవరో అత్త, ఎవరో కోడలికి బియ్యం గురించి చెబుతున్న మాట. అయినా మొదటి ముక్క చెవిన పడగానే చిలుకమ్మ కొంగు తల మీదికి లాక్కుని, జనగామ వచ్చేదాకా దించలేదు.

దుకాణంలో నగేశ్ మోటరుకు తీగ చుడుతున్నాడు. తల ఎత్తలేదు. వార్నిష్ గిన్నె ఎప్పుడూ ఉండే చోట లేదు. పై సజ్జ మీద, మూత పెట్టి, రాగితీగతో బిగించి కట్టి ఉంది. అడగకుండానే అన్నీ చెప్పినట్టుంది ఆ గిన్నె. పైన రజిత అన్నం వడ్డించింది, నీళ్లు పెట్టింది. అత్త మొహం మాత్రం చూడలేదు. ఏ చూపుకు భయపడి ఇంత పని చేసిందో ఆ చూపైనా పడితే బాగుండుననిపించింది చిలుకమ్మకు. కంచంలోని అన్నం ఉప్పూకారం తెలియకుండానే తిన్నది.

పొద్దు వాలే వేళ మెట్ల మీద కూర్చుంటే శ్రావ్య దువ్వెన, ఎర్ర క్లిప్పు తెచ్చి ఒళ్లో వేసి, వీపు పెట్టి కూర్చుంది. "జడ వెయ్యి నానమ్మా."

చిలుకమ్మ జుట్టు పాయలు తీసింది. ఎడమ చెవి వెనక కొయ్యలు వేలికి గుచ్చుకున్నాయి, కోసిన జొన్నచేలో వట్టికాళ్లతో నడిచినట్టు. క్లిప్పు చేతిలోకి తీసుకుంది. కాసేపు పట్టుకుని, సంచిలో వేసుకుంది. కొయ్యలను అలాగే బయటికి వదిలి మిగతాది అల్లడం మొదలుపెట్టింది.

ఎదురింటి రుక్కి వాకిట్లో నీళ్లు చల్లుతూ ఆగింది. నల్లా తగవు తరువాత ఇద్దరికీ మాటల్లేవు. అయినా ఉండబట్టలేక అడిగింది.

"ఏంది చిలుకక్కా, పిల్లకు చెవెనుక గట్లున్నది?"

"నేనే కత్తిరిచ్చిన" అంది చిలుకమ్మ, తల ఎత్తకుండా.